ఏలూరు అడగవలసిన ప్రశ్న

ఆంధ్రప్రదేశ్ శాసనసభ శీతాకాల సమావేశాలు 2020 నవంబరు 30న ప్రారంభమై డిసెంబరు 4న ముగిశాయి. ఆ మరునాడు ఏలూరులో మనుషులు వున్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్దిరోజుల్లో 600 మందికి పైగా జబ్బుపడ్డారు. ఒకరు మరణించారు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన వుండటం కాకతాళీయమే. తరువాత ఐదున్నర నెలలపాటు సభ కూడకపోవడం మాత్రం కాకతాళీయం కాదు.

ఏలూరు అప్పటికి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం. కృష్ణా కాలువా గోదావరి కాలువా వచ్చి కలిసే ఊరు. ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని నేననను. ముఖ్యమంత్రి డిసెంబరు 7న వచ్చి రోగుల్ని పరామర్శించారు. ఎయిమ్స్, నీరి, జాతీయ పోషకాహార సంస్థ నమూనాలు పరీక్షించాయి. రక్తంలో సీసం, నికెల్ వున్నాయని మొదట తేలింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని ఆ నెల మధ్యలో నిపుణులు చెప్పారు.

అయితే ఆ విషం ఏ దారిన మనిషి కడుపులోకి చేరింది? నీటి ద్వారానా, కూరగాయల ద్వారానా? మళ్లీ రాకుండా చూసే బాధ్యత ఎవరిది? ఇవి ప్రయోగశాలతో ముగిసే ప్రశ్నలు కావు, సభలో అడగవలసినవి. ఏలూరు శాసనసభ్యుడు ఆళ్ల నాని అప్పుడు వైద్య ఆరోగ్య శాఖ మంత్రి. మంత్రి అయినవాడు సభలో ప్రశ్న వేయడు, జవాబు చెబుతాడు. ఇది వ్యక్తి దోషం కాదు, వ్యవస్థ లక్షణం. తన ప్రతినిధే జవాబుదారు అయినప్పుడు ఆ ఊరి తరఫున అడగవలసింది మిగిలిన సభ.

ఆ సభ తిరిగి కూడింది 2021 మే 20న, ఒక్కరోజు. మార్చిలో రావలసిన పద్దుకు, అంతకుముందు ఏడాది లాగే, ఆర్డినెన్సుతో తాత్కాలికంగా కాలం గడిపారు. ఆ ఒక్కరోజులోనే గవర్నరు ప్రసంగం, సుమారు 2 లక్షల 30 వేల కోట్ల బడ్జెట్టు, దాని ఆమోదం. పది రోజుల క్రితమే తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు అందక 11 మంది మరణించారు. ప్రధాన ప్రతిపక్షం సభను బహిష్కరించింది. అడగవలసినవారు బయటే వుండిపోయారు. రెండు సమావేశాల మధ్య ఆరునెలలు దాటకూడదన్న రాజ్యాంగ నియమం మాత్రం చెక్కుచెదరలేదు.

రోగభయం నిజమే కదా అనవచ్చు. నిజమే. కాని న్యూజిలాండులో 2020 మార్చిలోనే ప్రభుత్వాన్ని ప్రశ్నించడానికి సభాసంఘాన్ని వేసి, దానికి ప్రతిపక్ష నాయకుణ్ణి అధ్యక్షుణ్ణి చేశారు. మన పార్లమెంటు సెప్టెంబరులో కూడినప్పుడు ప్రశ్నోత్తరాల గంటనే ఎత్తివేసింది. లిఖిత ప్రశ్నలు మిగిలాయి. వలస కార్మికుల మరణాలపై అటువంటి ఒక ప్రశ్నకు, ఆ లెక్కలు తమ వద్ద లేవని కార్మిక శాఖ జవాబిచ్చింది. ఆ "లేవు" అన్న మాట ఈనాడు చరిత్రకు సాక్ష్యం. ప్రశ్న వేయకపోతే ఆ సాక్ష్యమైనా దక్కేది కాదు.

ఇంకొక సంగతి గమనించాలి. కరోనా కాలంలో అధికారులు ప్రయోగించిన అంటువ్యాధుల చట్టం 1897 నాటిది. ప్రజలకు బాధ్యత వహించని సభ చేసిన శాసనం. దానికింద సదుద్దేశంతో పనిచేసినవారిపై దావా వేయరాదని అందులోనే వుంది. అటువంటి చట్టం అమలులో వున్నప్పుడు సభ మరింత మెలకువగా వుండాలి. జరిగింది తలకిందులు.

రచయితలకు ఇందులో పని ఏమిటి? మనకు చట్టసభలంటూ లేని రోజుల్లో, 1874లో, వీరేశలింగం 'వివేకవర్ధని' పెట్టి రాజమహేంద్రవరం అధికారుల లంచగొండితనాన్ని నిలదీశాడు. అడిగే సభ లేనప్పుడు పత్రికే సభ అయింది. కరోనా మీద మనం రాసిన కథలూ కవితలూ తక్కువేమీ కావు. వాటిలో నేను చదివినవాటిలో దుఃఖం వుంది, దాతృత్వం వుంది, కంటికి కనిపించని శత్రువు వుంది. కంటికి కనిపించే శాసనసభ లేదు. రోగాన్ని విధిగా చిత్రించిన చోట జవాబుదారీ అనే మాట పుట్టదు.

బడిలో పిల్లలకు ప్రశ్నార్థక వాక్యం చెప్పేటప్పుడు, ఎవరిని అడుగుతున్నావో తెలిసేలా రాయమంటాను. ఏలూరు గురించి రాయబోయే యువ రచయితలకూ నేను చెప్పగలిగింది అదే.