గిటార్ తలలో బెజ్జాల లెక్క

క్లాసికల్ గిటార్ హెడ్‌స్టాక్‌ను పక్కనుంచి చూస్తే ఒక్కో వైపు మూడు బెజ్జాలు కనిపిస్తాయి. ఒక్కోదాని వ్యాసం 10 మిల్లీమీటర్లు. ఒకదాని కేంద్రం నుంచి పక్కదాని కేంద్రానికి 35 మిల్లీమీటర్లు. తీగలు చుట్టుకునే మూడు రోలర్లూ ఒకే ప్లేటుకు బిగించి వస్తాయి కాబట్టి మూడూ ఒకేసారి ఆ బెజ్జాల్లోకి దూరాలి. రెండు సరిపోయి మూడోది అర మిల్లీమీటరు పక్కకు పోయిందా, ప్లేటు కూర్చోదు. బలవంతాన కూర్చోబెడితే రోలరు చెక్కకు రాసుకుంటుంది. శ్రుతి చేసేటప్పుడు తీగ కాసేపు మొరాయించి, ఆ తర్వాత ఒక్కసారిగా గెంతుతుంది. వాయించేవాడు ట్యూనర్, అంటే ఈ శ్రుతి మర, నాసిరకమని తిట్టుకుంటాడు గానీ దోషం చాలాసార్లు బెజ్జానిదే. ఈ తలనొప్పికి మందుగా వచ్చిన పనిముట్టు డ్రిల్లింగ్ జిగ్.

గిటార్ పుట్టినప్పుడు ఈ బెడద లేదు. 18వ శతాబ్దం చివరిదాకా చాలా గిటార్లకు ఉన్నవి మన వీణకున్నట్టు చెక్క బిరడలే. బిరడ మొన వైపు సన్నబడుతుంది, బెజ్జమూ దానికి తగ్గట్టే సన్నబడాలి. పనివాడు ముందు మామూలు బెజ్జం వేసి, కోసుగా ఉండే రీమరుతో కొద్దికొద్దిగా తొలిచి, బిరడ పెట్టి చూసి, మళ్ళీ తొలుస్తాడు. ఇప్పటి వయొలిన్ బిరడలకైతే 30 మిల్లీమీటర్ల పొడవుకు 1 మిల్లీమీటరు సన్నబడటం రివాజు. ఏ బిరడ ఆ బెజ్జానికే జత. రెండు బెజ్జాల మధ్య దూరం కాస్త అటూఇటూ అయినా అడిగేవాడు లేడు. కంటికి ఇంపుగా ఉండి వేళ్ళకు అందితే చాలు. ఫ్లామెంకో గిటార్లు 20వ శతాబ్దం నడిమి దాకా కూడా చెక్క బిరడలను పూర్తిగా వదల్లేదు.

పళ్ళ చక్రం వచ్చాక లెక్క మారింది. 1778లో బెర్లిన్‌కు చెందిన కార్ల్ లుడ్విగ్ బాఖ్‌మన్ డబుల్ బేస్‌కు శ్రుతి మర చేశాడని సంగీత వాద్యాల చరిత్రలు చెబుతాయి. 1820లలో వియన్నాలో యోహాన్ గేయోర్గ్ స్టౌఫర్ గిటార్లకు ఆరు మరలూ ఒకే వరుసలో, ఒకే లోహపు ప్లేటు మీద ఉండేవి. ఇంచుమించు ఆ రోజుల్లోనే లండన్‌లో లూయీ పనార్మో హెడ్‌స్టాక్‌లో రెండు పొడవాటి గాడులు తొలిచి, పక్కలనుంచి మూడేసి రోలర్లు దూర్చేవాడు. నేటి క్లాసికల్ గిటార్ తలకట్టు అదే. స్టౌఫర్ పద్ధతిలో ఆరితేరిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో న్యూయార్క్ చేరాడు, ఆ విద్య అతనితోపాటు అమెరికా చేరింది.

మరతోపాటు పెత్తనమూ చేతులు మారింది. ప్లేటు చేసేది లోహం పనివాడు, మెడ చేసేది చెక్క పనివాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకపోవచ్చు. బెజ్జాల మధ్య దూరం ఇక ప్లేటు చేసినవాడి ఇష్టం. పైగా అందరి ప్లేట్లూ ఒకటి కావు. నేడు 35 మిల్లీమీటర్లే వాడుకలో ఎక్కువైనా 39తో చేసినవీ ఉన్నాయి. అన్నిటికన్నా సులువైన దారి ప్లేటునే చెక్కకు ఆనించి గుర్తు పెట్టుకోవడం. ఇంట్లో ఒకే ఒక్క గిటారు చేసుకునేవాళ్ళు ఇప్పటికీ అలాగే చేస్తారు. గుర్తు సరిగ్గానే పడుతుంది. దిగే డ్రిల్ బిట్ మాత్రం చెక్కలో మెత్తగా ఉన్నవైపుకు ఒరుగుతుంది, రెండో కొసకు చేరేసరికి దారి తప్పుతుంది.

ఆ ఒరుగుడుకు కళ్ళెం వేసే ఉపాయం సంగీతకారులది కాదు, తుపాకులు చేసేవాళ్ళది. 1820లలో అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంలో జాన్ హాల్ ఒక రైఫిల్ భాగం మరో రైఫిల్‌కు సరిపోయేలా చేసి చూపించాడు. పనివాడి కన్నును నమ్ముకోకుండా కొలతను పనిముట్టులోనే కట్టిపడేయడం అతని పద్ధతి. 1863లో స్టీఫెన్ మోర్స్ ట్విస్ట్ డ్రిల్‌కు పేటెంటు పొందాడు. మెలికలు తిరిగిన ఈ బిట్ పొడవునా ఇంచుమించు ఒకే మందం. గట్టిపరచిన ఉక్కు గొట్టంలోంచి పంపితే అది చూపిన దారినే పోతుంది. ఆ గొట్టం పేరు డ్రిల్ బుష్. జిగ్‌లో మిగతాదంతా ఆ బుష్‌ను కదలకుండా పట్టుకునే ఏర్పాటే.

గిటార్ కర్మాగారాలకు ఈ క్రమశిక్షణ ఎందుకు అవసరమైందో ఎలక్ట్రిక్ గిటార్ల కంపెనీ ఫెండర్ కథ చెబుతుంది. 1949 నాటి తొలి నమూనాలో ట్యూనర్లు అటు మూడు, ఇటు మూడు. 1950లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి గిటార్లు మార్కెట్‌కు వచ్చేసరికి ఆరూ ఒకే వైపు చేరాయి. ట్యూనర్లు షికాగోలోని క్లూసన్ కంపెనీవి. చోటు చాలక వాటి చివర్లు కోసి, పక్కపక్క ట్యూనర్లకు మధ్యలో ఒకే స్క్రూ సరిపోయేలా ఇరికించారు. చూడటానికి ఆరు విడివిడి ముక్కలే. కానీ ఒక బెజ్జం జరిగితే దాని పక్క ట్యూనర్ కూడా కుదురుగా కూర్చోదు. ఇలాంటి మెడలు వరసబెట్టి తయారుచేయాలంటే ప్రతిసారీ టేపు పట్టి కొలిచే పద్ధతి పనికిరాదు.

ఇక ఇంటి పట్టున గిటార్లు చేసేవాళ్ళ వంతు. 1966లో ఇర్వింగ్ స్లోన్ క్లాసికల్ గిటార్ తయారీ మీద రాసిన పుస్తకం అమెరికాలో చాలామందిని ఈ పనిలోకి దింపింది. 1968లో ఒహాయోలోని ఏథెన్స్‌లో స్టూవర్ట్ మెక్‌డోనల్డ్ కంపెనీ బాంజో భాగాలతో మొదలై, క్రమంగా గిటార్ పనిముట్లకు పెద్ద కొట్టయింది. 1972లో వాద్యాల పనివాళ్ళ సంఘం గిల్డ్ ఆఫ్ అమెరికన్ లూథియర్స్ ఏర్పడింది. కర్మాగారాల గోడల మధ్య ఉండే జిగ్ ఇప్పుడు ఎవరైనా కొనుక్కునే సరుకు.

దుకాణంలో దొరికే మామూలు జిగ్ ఒక అల్యూమినియం దిమ్మ. అందులో మూడు ఉక్కు బుష్‌లు, హెడ్‌స్టాక్ అంచుకు బిగించేందుకు స్క్రూలు ఉంటాయి. చెక్క మందానికి సరిగ్గా నడుమ బెజ్జం పడేలా కింద పలచని ముక్కలు పెట్టి ఎత్తు సర్దుకుంటారు. మొదటి బెజ్జం వేశాక అందులో ఒక కడ్డీ దూర్చితే దిమ్మ ఇక జరగదు, మిగతా రెండూ నిశ్చింతగా వేయవచ్చు. తెలిసినవాళ్ళు గాడులు తొలవకముందే ఈ బెజ్జాలు వేస్తారు. ముందే గాడి ఉంటే బిట్ ఖాళీలోకి తెగేచోట చెక్క పెచ్చులూడుతుంది. అటుపైన ఎదుటి గోడను తాకేటప్పుడు మొన జారే ప్రమాదమూ ఉంది.

స్టీల్ తీగల గిటార్లకు జిగ్ మరోలా ఉపయోగపడుతుంది. పాత క్లూసన్ ట్యూనర్లకు సుమారు 8.7 మిల్లీమీటర్ల బెజ్జం చాలు, గ్రోవర్ రోటోమాటిక్ లాంటివాటికి 10 కావాలి. ఉన్న బెజ్జాన్ని పెద్దది చేయబోతే బిట్ మొన కుదురుకోవడానికి నడుమ చెక్క ఉండదు, అంచు పట్టుకుని ఎటో లాగేస్తుంది. రీమరు లేకపోతే బుష్ ఉన్న జిగ్‌తోనే ఆ పని చేయాలి.

ఇప్పుడు పెద్ద కంపెనీల్లో బెజ్జాలు వేసేవి కంప్యూటర్ నడిపే యంత్రాలు. చిన్నవాళ్ళు త్రీడీ ప్రింటర్‌లో తమకు కావలసిన దూరానికి జిగ్ ముద్రించుకుంటున్నారు, ప్లాస్టిక్ అరిగిపోకుండా అందులోనూ ఉక్కు బుష్‌నే నొక్కుతున్నారు. అయితే ఏ జిగ్‌కైనా ఆధారం హెడ్‌స్టాక్ అంచే. ఆ అంచు వంకరగా ఉంటే మూడు బెజ్జాలూ అంతే శ్రద్ధగా వంకరపోతాయి. అందుకే చేయి తిరిగినవాళ్ళు సైతం మంచి మెడ ముట్టుకునే ముందు పారేసే చెక్కముక్క మీద మూడు బెజ్జాలు వేసి, కొన్న ట్యూనర్‌ను అందులో పెట్టి తిప్పి చూస్తారు.