వేళ్లు మారిన తోట

ఫ్రాన్సు దేశపు తూర్పు భాగాన బర్గండీ మండలంలో, డిజోన్ నగరానికి దక్షిణంగా, వోన్ రొమానే అనే చిన్న గ్రామం ఉన్నది. ఆ ఊరి వెనుక మెట్టవాలులో సుమారు నాలుగున్నర ఎకరాల ద్రాక్షతోట ఒకటి కలదు. చుట్టూ మోకాలెత్తు రాతిగోడ, గోడపక్క ఒక రాతి శిలువ; ఇంతకు మించిన ఆడంబరం అక్కడ కానరాదు. అదే రొమానే కోంతీ. అందులో పండే పినో న్వార్ అనే నల్లద్రాక్ష నుండి తీసిన ఆసవం లోకంలో అత్యంత ప్రియమైన మద్యాలలో ఒకటి.

మధ్యయుగంలో ఈ నేల సెయింట్ వివాన్ మఠపు సన్యాసులది. 1584లో అది మఠం చేతినుండి గృహస్థుల చేతికి పోయినది. 1760లో బూర్బోన్ రాజవంశీయుడైన కోంతీ ప్రభువు దీనిని కొన్నాడు. పదిహేనవ లూయీ ప్రియురాలు మదాం ద పొంపదూర్ ఇదే తోటకై పోటీపడి ఓడిపోయినదని ఒక కథ. కథ రసవంతమే, ఆధారమే దుర్బలం. నిశ్చయంగా చెప్పదగినది ఒకటి: ప్రభువు ఆ ఆసవాన్ని అంగడికి పంపక తన పంక్తిభోజనాలకే ఉంచుకున్నాడు. విప్లవం వచ్చి ఆస్తి జప్తు అయినది. 1794లో ప్రభుత్వం తోటను వేలం వేసినది. ప్రభువుల పేర్లు చెరిపివేసే ఆ రోజులలోనే ఈ తోట పేరుకు ప్రభువు పేరు జత అయినది. పేరుకు వెల కలదని విప్లవకారులూ ఎరుగుదురు కాబోలు. చక్కగా భద్రపరిస్తే ఈ ఆసవం ఎనిమిది పది ఏండ్ల వరకు గుణం పెంచుకొంటుందని ఆనాటి వేలం ప్రకటన చెప్పినది.

పండ్రెండేసి తరాలు గడచినా తీగలు తరగకపోవడానికి కారణం నేలంటు. ముదిసిన మొక్క కొమ్మను వంచి, మట్టిలో పూడ్చి, వేరు తొడిగిన పిదప కొత్త మొక్కగా ఎదగనిచ్చేవారు. ఆ విధంగా తోటలోని ప్రతి తీగా తన ముందరి తీగ శరీరభాగమే. విత్తు నుండి మొదలైన కొత్త జన్మ కాదు.

ఈ పరంపరకు గండం అమెరికా నుండి వచ్చినది. 1860ల దశకంలో ఫిలాక్సెరా అనే అతిసూక్ష్మమైన పురుగు ఫ్రాన్సులో ద్రాక్షవేళ్లను పీల్చసాగినది. 1878 నాటికి బర్గండీ మెట్టలను చేరినది. అమెరికా ద్రాక్షవేళ్లు దానికి లొంగవు. కనుక ఆ వేళ్లపై ఫ్రెంచి కొమ్మను అంటుకట్టడమే శరణ్యమని దేశం క్రమంగా ఒప్పుకున్నది. రొమానే కోంతీ యజమానులు మాత్రం ఒప్పుకోలేదు. ఇనుపగొట్టాలతో కార్బన్ డైసల్ఫైడు ద్రవాన్ని ఏటేటా మట్టిలోనికి ఎక్కించి, పురుగును చంపుతూ, స్వంత వేళ్లను కాపాడుకొన్నారు. మొండితనమనవచ్చు, కాని అది మూడు తరాలు సాగిన మొండితనం. రెండవ ప్రపంచయుద్ధం వచ్చి మందు దొరకలేదు, పనివారూ దొరకలేదు. తీగలు కృశించినవి.

1945 వసంతంలో మంచు పడి చిగురు మాడినది. వేసవి తీవ్రంగా కాసినది. మిగిలిన కొద్ది గుత్తులు చిన్నవైనా, రసం చిక్కనిది. మామూలు సంవత్సరంలో ఐదారు వేల సీసాలు నిండే తోట ఆ ఏడు సుమారు 600 సీసాలు మాత్రమే ఇచ్చినది. కోత ముగియగానే తీగలన్నీ పెరికివేశారు. పొరుగునే ఉన్న లా టాష్ తోట కొమ్మలను అమెరికా వేళ్లకు అంటుకట్టి 1947లో కొత్త తోట నాటారు. 1946 నుండి 1951 వరకు రొమానే కోంతీ పేరిట ఆసవం లేనే లేదు. తిరిగి 1952లో వచ్చినది.

1945 నాటి సీసాలలో మిగిలినవానిలో పని ఆగలేదు. తొక్కల, గింజల వగరు రంగుతో కలిసి అడుగున మడ్డిగా దిగినది. ముదురెరుపు క్రమంగా ఇటుకవన్నెకు తిరిగినది. పండువాసన పోయి ఎండుటాకుల, తడిమట్టి వాసన పుట్టినది. 2018 అక్టోబరులో న్యూయార్కు నగరపు వేలంలో అట్టి సీసా ఒకటి 5,58,000 డాలర్లకు పోయినది. అప్పటికి దాని వయస్సు 73 ఏండ్లు. 1794 నాటి ప్రకటన చెప్పిన గడువుకు ఏడు రెట్లకు మించి. కొన్నవారు కొన్నది రుచినా, నశించిన వేళ్లనా అనేది వేలం పట్టీలో ఉండదు. తోట గోడకు ఆవల మాత్రం అంటుతీగలు ఏటా కత్తెర వేయించుకొంటూ, అదే పేరుతో కాస్తున్నవి. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది ఒక్క ఈ తోట కాదు, ఆ మెట్టవాలు పొడవునా సన్యాసులు, రైతులు శతాబ్దాలుగా హద్దులు గీసి పేర్లు పెట్టిన వందలకొలది మళ్లు.