ముందు పాట, ఆ వెనకే తీగ

బడిలో గిటార్ నేర్పుతామనగానే పెద్దవాళ్ళు అనే మొదటి మాట, అది మన వాద్యం కాదని. నేర్పే చోట ఎక్కువగా కనబడేది, కార్డ్‌ల బొమ్మలున్న కాగితం ముందేసుకుని వేలి కొనలు ఎర్రబడి కూర్చున్న పిల్లలు. ఇవి రెండు వేరువేరు సంగతుల్లా ఉన్నా మూలం ఒక్కటే. వాద్యాన్ని పాట నుంచి విడదీసి చూడటం వల్ల వచ్చిన చిక్కే ఇది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో సంగీతం చదువు ఎన్నడూ అలా విడిగా సాగలేదు. కొలువులోనూ గుడిలోనూ మిషన్ బడిలోనూ పాట ముందు నడిచింది, తీగ దాని వెంట వచ్చింది. గిటార్ తొలి పాఠాన్ని కూడా ఆ వరసలో పెడితేనే ఇక్కడి పిల్లలకు అది పట్టుబడుతుందని నా వాదన.

పదహారో శతాబ్దంలో పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చింది నంద్యాల కృష్ణమరాజుకు. ఈ నంద్యాల ప్రభువులు విజయనగరాన్ని చివరిదాకా ఏలిన ఆరవీటి వంశంలో ఒక శాఖ. సూరన ప్రబంధాన్ని కథ మలుపుల కోసం చదువుతాం, చదవాలి కూడా. కానీ ఆ కథకు ఇరుసు సంగీతం నేర్చుకోవడమే. తుంబురుడి గానం ముందు తాను తేలిపోతున్నానన్న బాధతో నారదుడు ద్వారక చేరి, జాంబవతి, సత్యభామ, రుక్మిణుల దగ్గర వరసగా శిష్యరికం చేస్తాడు. త్రిలోకాలూ తిరిగిన మహతీ వీణ భుజాన ఉన్నవాడు గానం కోసం మళ్ళీ మొదటి పాఠానికి కూర్చున్నాడు. కలభాషిణి అతని వీణ పట్టుకుని వెంట వెళ్ళి, పాఠం జరిగేచోట ఉండి నేర్చుకుంటుంది. వీణ చేతిలో ఉన్నంత మాత్రాన సంగీతం రాదని, అది నోటి నుంచి చెవికి అందాలని ఈ కథ చెబుతోంది. కావ్యాన్ని చరిత్రకు సాక్ష్యంగా ఎలా తీసుకుంటారని అడగవచ్చు. సంఘటనలకు తీసుకోలేం. కానీ ఆనాటి రసికులు ఏది సహజమని నమ్మారో తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఉండదు. ఆ కాలంలో వాద్యం గురించి లోతైన ఆలోచన లేదనుకోవడమూ పొరపాటే. ఇదే ఆరవీటి వంశానికి చెందిన అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధిలో వీణ మెట్లను ఏ స్వరానికి ఎక్కడ నిలపాలో చర్చించాడు. ఇప్పటి వీణకు 24 మెట్లు, స్థాయికి పన్నెండు చొప్పున. గిటార్‌కూ స్థాయికి పన్నెండు ఫ్రెట్లే. మెట్టు మీద వేలు పెట్టి స్వరం పలికించడం ఈ నేలకు కొత్త విద్య కాదు.

ఆళ్లగడ్డ వైపు వస్తే అహోబిలం ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) అహోబిల మఠం ఆదివణ్ శఠగోప యతి దగ్గర చదువుకున్నాడని ఆయన మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. అన్నమయ్య చేతిలో దండె చిన్నది. శృతి పట్టి ఉంచడం దాని పని, మిగతాదంతా గొంతు చూసుకుంటుంది. అహోబిల నరసింహుడి మీద ఆయన కట్టిన సంకీర్తనల్లో పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది. గుంపులో చివర నిలబడ్డవాడు కూడా రెండోసారికి అందుకోగలిగిన నిర్మాణం అది. రాయలసీమ పల్లెల్లో ఇవాళ్టికీ సాగే చెక్కభజన ఆ పల్లవి పద్ధతికి దగ్గరి చుట్టమే. ఒకడు ఎత్తుకుంటాడు, మిగిలినవాళ్ళు అందుకుంటారు, చెక్కలు తాళం పట్టిస్తాయి. లయ చేతికీ కాలికీ వచ్చేది అక్కడే, ఎవరూ దాన్ని పాఠమని పిలవకుండానే.

మూడో దారి మిషన్ బడి. ఆళ్లగడ్డకు పొరుగున చాగలమర్రి మండలంలో ముత్యాలపాడు ఉంది. 1850లలో ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ సంఘం అక్కడ స్థిరపడింది. తర్వాత నంద్యాల ఆ సంఘానికి పెద్ద కేంద్రమైంది. ఆ బడుల్లోకి వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్ళు. గుడి కొలువులో, రాజు కొలువులో వీణ దరిదాపులకు రానివ్వని ఇళ్ళ పిల్లలు అక్కడ వరసలో కూర్చుని పాడారు. ఈ ఒక్క సంగతి నా దృష్టిలో ఈ ప్రాంత సంగీత చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు, దానికి రావలసినంత గుర్తింపు రాలేదు. వాళ్ళు పాడినవి కేవలం తెల్లవాళ్ళ బాణీలనుకుంటే తప్పు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు కనబడతాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు కర్ణాటక రాగాల్లో, తెలుగు ఛందస్సు నడకలో కట్టిన కీర్తనలకు ఆ సంపుటంలో పెద్దపీట. పక్కనే ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు కూర్చిన పాటలూ ఉన్నాయి. రెండు సంగీతాలూ ఒకే పుస్తకంలో, ఒకే గొంతులో ఇమిడాయి. ఇప్పుడు చర్చి వేదికల మీద గిటార్ మామూలు వస్తువు. అది ఖాళీ స్థలంలోకి రాలేదు, అప్పటికే నోట ఉన్న పాటల మధ్యకు వచ్చింది.

ఇక పరాయి వాద్యమన్న అభ్యంతరం. ఫిడేలు ఏ ఊరిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసులో యూరోపియన్ ఉపాధ్యాయుడి దగ్గర దాన్ని నేర్చుకున్నాకే కదా కర్ణాటక కచేరీలో అది గాత్రానికి నీడ అయింది. హార్మోనియం పారిస్‌లో 1842లో రూపుదిద్దుకుంది. మన పద్యనాటకం అది లేకుండా ఊహకందదు. ఆలిండియా రేడియో 1940లో దాన్ని వెలివేసింది, ఆ పట్టు సడలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. అన్నిటికన్నా గట్టి ఉదాహరణ మన పాలకొల్లు పిల్లవాడు, 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాయకుడు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదేళ్ళకే తొలి కచేరీ చేశాడు. అంత ప్రతిభ అందరికీ ఉండదు, నిజమే. కానీ ఆ పద్ధతికి ప్రతిభ అక్కర్లేదు, పాడగలిగిన గురువు చాలు.

సంగీతం తెలిసినవారి అభ్యంతరం ఇంకా బరువైనది. కార్డ్ మోగితే గమకం చచ్చిపోతుంది, రాగం చెవి పాడవుతుంది అంటారు. తోడి రాగం విషయంలో ఈ మాట ముమ్మాటికీ నిజం. దానికింద కార్డ్ పెట్టడం రాగానికి ద్రోహం, అలాంటి పాటను గిటార్ పాఠంలోకి తేనే కూడదు. శంకరాభరణం సంగతి వేరు. షడ్జమం, గాంధారం, పంచమం కలిపితే ఒక కార్డ్; మధ్యమం, ధైవతం, షడ్జమం మరొకటి; పంచమం, నిషాదం, రిషభం ఇంకొకటి. ఏడు స్వరాలూ మూడు పట్లలో వచ్చేశాయి. దీక్షితులే బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి దాదాపు 40 నొట్టుస్వరాలు ఇచ్చారు, వాటిని నేటికీ చిన్నపిల్లలకు నేర్పుతున్నారు. ఆయనకు లేని భయం మనకెందుకు?

చివరిది, వేళ్ళు సాధన చేయకుండా పాటేమిటనే మాట. ఉలి పట్టడం రానివాడికి ఆళ్లగడ్డ శిల్పి విగ్రహం అప్పగిస్తాడా అని అడుగుతారు. రాయి ఒకసారి విరిగితే అతకదు, తీగ మాత్రం తప్పు మోగినా మరుక్షణం మళ్ళీ మీటించుకుంటుంది. పైగా తొలి మెట్టు అంత ఎత్తుగా ఏమీ లేదు. ఇ మైనర్ కార్డ్‌కు రెండో ఫ్రెట్‌లో పక్కపక్కనున్న రెండు తీగలు నొక్కితే చాలు, మిగిలిన నాలుగూ వాటంతటవే మోగుతాయి. నైలాన్ తీగలైతే నొప్పీ తక్కువ. పిల్లల శృతి పెద్దలకన్నా ఎక్కువ ఉంటుంది కాబట్టి తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర అదిమిపట్టే కాపో బిగించి గిటార్‌ను వాళ్ళ గొంతు దగ్గరకు తేవాలి. గొంతును గిటార్ దగ్గరకు లాగితే అరుపులే మిగులుతాయి. కుడిచేతికి తకిట నడక చెక్కభజన చూసిన పిల్లలకు ముందే ఉంది. సాధన వద్దని కాదు. పాట నోట్లో ఉన్న పిల్లవాడికి తాను తప్పిందెక్కడో చెవే చెబుతుంది, అప్పుడు సాధనకు గురువు బెదిరింపు అవసరపడదు.

అందుకే నంద్యాల, ఆళ్లగడ్డ బడుల యాజమాన్యాలకు, హెడ్‌మాస్టర్లకు ఒక విన్నపం. గిటార్లు కొనేముందు పాడగలిగిన మాస్టారిని వెతకండి. వారానికి ఒక పీరియడ్ ఇవ్వండి, ఈఏపీసెట్ పేరు చెప్పి దాన్ని లాక్కోకండి. మొదటి నెల పిల్లల చేత పాడించండి, ఆ పాటలు అహోబిలానివైనా చర్చివైనా కోలాటానివైనా సరే. ఫీజు కట్టలేని పిల్లలకూ చేతికందేలా బడి తరఫున నాలుగు గిటార్లు ఉంచండి.