ఆంగ్ల పదములలో నాలుగవ వంతు

ఇంగ్లండులో పూర్వము ‘ఫార్దింగు’ అను చిన్న నాణెము ఉండెడిది. దాని విలువ పెన్నీలో నాలుగవ వంతు. 1960వ సంవత్సరాంతముతో దాని చెల్లుబాటు ముగిసినది. నాణెము పోయినను మాట మిగిలినది. ఆ మాటను విప్పి చూచినచో ‘నాలుగవ పాలు’ అను అర్థము తప్ప అందు వేరేమియు లేదు. నాలుగవది అను అర్థమునిచ్చు ‘ఫోర్త్’ అను పదమునకు ఇది తోబుట్టువు.

మధ్యయుగములలో చాలకాలము ఇంగ్లండున సామాన్యులు వాడిన నాణెము వెండి పెన్నీ ఒక్కటియే. చిన్న కొనుగోళ్లకు అది పెద్ద మొత్తము. అందుచేత పెన్నీపై ముద్రించిన శిలువ గీతల వెంబడి నాణెమును కోసి సగములుగను, పావులుగను వాడుచుండిరి. మొదటి ఎడ్వర్డు రాజు కాలమున, 1279 నుండి, గుండ్రని ఫార్దింగులు విరివిగా ముద్రింపబడినవి. అనగా మాట ముందు పుట్టినది, గుండ్రని నాణెము తరువాత వచ్చినది.

మూడవ వంతునకును, ఐదవ వంతునకును లేని ఈ ప్రాబల్యము నాలుగవ వంతునకే ఏల కలిగినది? కారణము సులభము. తూనికరాళ్లు లేకున్నను త్రాసుతో ధాన్యమును సగము చేయవచ్చును. రెండు సిబ్బెలలోను సమముగా తూగువరకు పోసిన చాలును. ఆ సగమును మరల సగము చేసినచో నాలుగవ వంతు వచ్చును. త్రాడును రెండుమార్లు మడచినను, రొట్టెను రెండుమార్లు కోసినను అంతే. మూడవ వంతు ఇంత తేలికగా లభింపదు.

కనుకనే ఆంగ్లేయుల పాత కొలతలలో ఈ భావము అడుగడుగున కనబడును. గ్యాలనులో నాలుగవ వంతు ‘క్వార్టు’. 112 పౌనుల హండ్రెడ్‌వెయిటులో నాలుగవ వంతు, అనగా 28 పౌనులు, ‘క్వార్టరు’. 36 గ్యాలనుల పీపాలో నాలుగవ వంతు, అనగా 9 గ్యాలనులు, ‘ఫిర్కిను’. ఈ మూడవ మాట డచ్చి భాష నుండి వచ్చినది.

ఈ పదములు ఒకే మార్గమున రాలేదు. ఫార్దింగు ఆంగ్లేయుల సొంత మాట. క్వార్టు, క్వార్టరు లాటిను నుండి ఫ్రెంచి ద్వారా వచ్చినవి. లాటినున నాలుగు ‘క్వాత్తువోర్’, గ్రీకున ‘టెస్సరెస్’, సంస్కృతమున ‘చత్వారః’. ఆంగ్లపు ‘ఫోర్’తో సహా ఇవి యన్నియు ఒకే మూలపదము నుండి పుట్టినవి. ‘ఫోర్’ అను మాటకు మొదట ‘ఫ’కారము ఎట్లు వచ్చినదను ప్రశ్నకు, లెక్కించునపుడు దాని వెంటనే పలుకు ‘ఫైవ్’ ప్రభావమే కారణమని పండితులు చెప్పుదురు.

కాలగణనములోను క్వార్టరు కలదు. ఇంగ్లండున మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25 తేదీలు అద్దెలు చెల్లించు ‘క్వార్టరు దినములు’. ఏటికి నాలుగుమార్లు కూడు న్యాయస్థానములకు ‘క్వార్టరు సెషన్సు’ అని పేరు. అవి 1972 ఆరంభమున రద్దయినవి. ఖగోళశాస్త్రమున శుక్లాష్టమినాటి చంద్రుని ‘ఫస్టు క్వార్టరు’ అందురు. కంటికి సగము బింబము కనబడుచుండగా దానిని పావు అనుట విద్యార్థులకు వింతగా తోచును. ఇచట పావు అనునది బింబమునకు సంబంధించినది కాదు. అమావాస్య నుండి అమావాస్య వరకు చంద్రుడు సాగించు పరిభ్రమణములో నాలుగవ వంతు గడచినదని దాని భావము.

కొన్ని పదములలో నాలుగు మరుగుపడి యుండును. చతురస్రమును తెలుపు ‘స్క్వేరు’, చతురస్రముగా నిలిచిన సేన నుండి వచ్చిన ‘స్క్వాడ్రను’, రాళ్లను చదరముగా చెక్కు తావైన ‘క్వారీ’ ఇట్టివే. మనము దస్తా అని పిలుచు కాగితముల కట్టకు ఆంగ్లమున ‘క్వయరు’ అని పేరు. మొదట అది నాలుగు కాగితములను మడచి కూర్చిన మడత మాత్రమే. తరువాత 24 కాగితముల కట్ట అయినది. నలుబది దినములు ఓడను రేవు వెలుపల నిలుపు ఆచారము నుండి ‘క్వారంటైను’ వచ్చినది.

అయితే పోలికను మాత్రమే నమ్మరాదు. ‘క్వార్ట్జు’ అను ఖనిజము పేరు జర్మను మాట. దానికిని నాలుగునకును సంబంధము లేదు. తగవు అను అర్థముగల ‘క్వారెల్’ ఫిర్యాదు చేయుట అను లాటిను క్రియ నుండి వచ్చినది. కాని విల్లుతో ప్రయోగించు చదరపు మొనగల ములికికి కూడ ‘క్వారెల్’ అనియే పేరు. ఇది మాత్రము నాలుగు వంశమునకు చెందినదే. ఉచ్చారణ ఒకటియైనను పుట్టుక వేరు.

మన ‘నాలుగు’ ద్రావిడ పదము. ఆ వంశముతో దానికి చుట్టరికము లేదు. భావము మాత్రము దగ్గరగానే నడచినది. నాలుగు కాళ్ల జంతువును బట్టి సంస్కృతమున ‘పాదము’ నాలుగవ వంతును తెలుపును. తెలుగున ‘కాలు’ అను మాటకును ఆ అర్థము కలదు. పావు, పావలా ఆ పాదము నుండి వచ్చినవే. ఆంగ్లమున గుఱ్ఱపు వెనుక భాగమును ‘హైండ్ క్వార్టర్సు’ అనుటలోను జంతుశరీరమును కాలికొక పాలుగా నాలుగు చేసిన లెక్కయే యున్నది.

మన పావలా నాణెము కూడ 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయినది. అయినను నూటికి నెలకు పావలా, అనగా ఏటికి 3 శాతము, వడ్డీని నేటికిని ‘పావలా వడ్డీ’ అనియే అందురు. ఆ నాణెమును ఎన్నడును చూడని బాలుడు ఈ మాట అర్థమడిగినచో, ఉపాధ్యాయుడు ఒక కాగితమును రెండుమార్లు మడచి అతని చేతికీయవచ్చును.