అవ్వ పుండు చరిత్ర

చింతాద్రిపేట చరిత్ర అంటే అందరూ 1734, నేతవాళ్ళు, మగ్గాలు అని రాస్తారు. నేను మా ఇంట్లో చూసిన ఒక పుండు చరిత్ర రాస్తున్నాను.

పోయిన సంవత్సరం మా అవ్వకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మూడో వారం, చీర మారుస్తుంటే నడుము కింద ఎముక దగ్గర ఎర్రగా కమిలి కనిపించింది. కొద్దిరోజుల్లోనే అది పుండయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. వేడి చేసిందన్నారు, చెడురక్తం అన్నారు, షుగర్ ఉంది కాబట్టి ఇక మానదన్నారు. కట్టు కట్టే నర్సమ్మ మాత్రం, "ఒకే వైపు పడుకోబెట్టేశారు, అంతే" అంది. నాన్న ఆ రోజు అన్నం తినలేదు.

ఈ వాదన పాతదేనట. 19వ శతాబ్దంలో ఫ్రాన్సు డాక్టరు షార్కో, నరాలు దెబ్బతింటే పుండు దానంతటదే పడుతుందని నమ్మాడు. అది నిజమైతే ఇక చేసేదేముంది? కుష్ఠురోగుల విషయంలో మన దగ్గరా అదే నమ్మకం ఉండేది. వాళ్ళ వేళ్ళు రోగంతో కుళ్ళి రాలిపోతాయి అనుకునేవారు.

దాన్ని తప్పని చూపించినవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. కొల్లిమలలో పుట్టి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు. రోగులు వేడి గిన్నె పట్టుకున్నా, కాలిలో మేకు దిగినా వాళ్ళకు నొప్పి తెలియదు. అందుకే అదే కాలితో నడుస్తూ పోతారు. కొందరికి పొద్దున లేచేసరికి వేలి ముక్క ఉండేది కాదు. రాత్రి కాపలా ఉండి చూస్తే, కొరికేది ఎలుక! ఆ తర్వాత ఇంటికి వెళ్ళే రోగులకు పిల్లులను ఇచ్చి పంపారట. పాదం పుండుకు ప్లాస్టర్ కట్టు వేసి దానిమీద బరువు తగ్గిస్తే, అందరి పుండులాగే అదీ మానింది. అక్కడే మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు చేశారు.

ఆ చెప్పులే తర్వాత షుగర్ రోగులకూ పనికొచ్చాయి. షుగర్ ముదిరితే పాదాలకు స్పర్శ పోతుంది కదా. రాయపురంలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ 1954లో పెట్టిన మధుమేహ ఆసుపత్రివారు, అడయారు తోలు పరిశోధన సంస్థవారు కలిసి ఇలాంటి చెప్పుల మీద చేసిన పరిశోధన 2004లో అచ్చయింది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన మన నాయుడమ్మగారు డైరెక్టరుగా పనిచేసిన సంస్థ అది. తోలు సంస్థకూ పుండుకూ సంబంధం ఉంటుందని నేను అనుకోలేదు.

మంచం పట్టినవాళ్ళ విషయంలో పేరు చెప్పుకోవలసింది లుడ్విగ్ గుట్‌మన్. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో, వెన్నెముక దెబ్బతిన్న సైనికులను రాత్రింబవళ్ళు రెండు గంటలకొకసారి పక్క మార్పించాడు. అంతకుముందు అలాంటివాళ్ళు పడకపుండ్లతోనే చాలామంది చనిపోయేవారు. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగితే అక్కడికి రక్తం అందదు. కదిలించగానే మళ్ళీ అందుతుంది. కొత్త మందేమీ కాదు, మనుషులు నిద్ర మానుకోవాలి.

మా ఇంట్లో గోడమీద టైము కాగితం అంటించాం. పది గంటలు అమ్మ, పన్నెండు నాన్న, రెండు గంటలు నేను, నాలుగు మళ్ళీ అమ్మ. తమ్ముడు లేవడు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా పైకి ఉంచుతాం. పుండు ఇప్పుడు రూపాయి బిళ్ళంత ఉంది, ఇంకా పూర్తిగా మూసుకోలేదు. రాత్రి రెండింటికి నేను తిప్పుతుంటే అవ్వ ముద్దముద్దగా తిడుతుంది, "పడుకోనీవే!" అని.