డైనమిక్ వేరియబుళ్లు

ప్రోగ్రామ్ నడుస్తుండగానే వేరియబుల్‌కు పేరు కూర్చి, విలువ ఇచ్చే పద్ధతి. పీహెచ్‌పీలో జంట డాలర్ గుర్తుతో, పైథాన్‌లో గ్లోబల్స్ ఫంక్షన్‌తో ఇది సాధ్యం. సాధ్యమే గాని, అవసరం అరుదు. ఉదాహరణకు, రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రంలో 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, మొత్తం ఏడు యూనిట్లు. వాటి సామర్థ్యాలను యూనిట్1 నుంచి యూనిట్7 దాకా విడివిడి వేరియబుళ్లలో పెడితే, కూడినప్పుడల్లా ఏడు పేర్లనూ మళ్లీ అల్లుకోవాలి. యూనిట్ సంఖ్యే కీగా ఒక డిక్షనరీ పెట్టుకుంటే ఒక్క లైనులో 2,600 వస్తుంది. అక్కడే తెలంగాణ ప్రాజెక్టు కింద వచ్చిన 800 మెగావాట్ల యూనిట్లను కలపాలన్నా రెండు పద్దులు చేరిస్తే సరి, కూడే లైను మారదు.

పేర్లు ముందుగా తెలియనప్పుడు వేరే దారేదని అడగవచ్చు. తెలియని పేరును కోడ్‌లో నేరుగా రాయలేం కాబట్టి, విలువను తిరిగి చదవడానికీ స్ట్రింగే కావాలి. డిక్షనరీలో కీ చేసే పని అదే. పైగా ఇలా పుట్టిన పేరు, అప్పటికే అదే పేరుతో ఉన్న వేరియబుల్ విలువను చెరిపేయగలదు. బయటి నుంచి వచ్చిన పేర్లను నేరుగా వేరియబుళ్లుగా మార్చే రిజిస్టర్ గ్లోబల్స్ సదుపాయాన్ని పీహెచ్‌పీ 2002లో డిఫాల్ట్‌గా ఆపి, 2012లో భద్రత దృష్ట్యా పూర్తిగా తీసేసింది. ఇంటర్‌ప్రెటర్లు, కోడ్‌ను తయారుచేసే లైబ్రరీలు రాసేవారికి మాత్రం ఈ పద్ధతి నిజంగానే పనికొస్తుంది.