కొండ కింది గదుల పాట

హైదరాబాదుకు సినిమా వచ్చిన కథ చెప్పేటప్పుడు మనం స్టూడియోలనే లెక్కపెడతాం. అమీర్‌పేటలో సారథి స్టూడియో, అక్కడ తయారై 1959లో విడుదలైన ‘మా ఇంటి మహాలక్ష్మి’, 1976లో అక్కినేని నాగేశ్వరరావు తెరిచిన అన్నపూర్ణ, ఆ తరువాత కొండమీద పద్మాలయా, రామానాయుడు, ఫిల్మ్‌నగర్ బంగళాలు. ఈ వరుసలో ఒక సంగతి మరుగున పడుతుంది. కెమెరా మద్రాసు వదిలి వచ్చింది గాని పాట దానితోపాటు రాలేదు. షూటింగు జూబ్లీహిల్స్‌లో జరిగినా వాద్యబృందాలు, గాయకులు, రికార్డింగ్ థియేటర్లు చాలాకాలం కోడంబాకం, వడపళని పరిసరాల్లోనే ఉండిపోయాయి. 1990ల దాకా తెలుగు సినిమా పాటకు ఊరు ప్రధానంగా మద్రాసే. హైదరాబాదులో సంగీతం చేయాలనుకున్న కుర్రాడికి పరిశ్రమ వీధి చివరే కనిపిస్తున్నా, దాని సంగీతపు తలుపు 600 కిలోమీటర్ల అవతల ఉండేది. కొండ దిగువన యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, వెంగళరావు నగర్ అద్దె గదుల్లో కంప్యూటర్ మీద పెరిగిన ఇంటి సంగీతం సంగతి తెలియాలంటే ఈ దూరం దగ్గరే మొదలుపెట్టాలి. 1973 నుంచి 1978 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు పేరు పెట్టుకున్న ఈ కాలనీకి ఒక పక్క సారథి స్టూడియో, ఇంకో పక్క అమీర్‌పేట కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు. సినిమా మీద ఆశ ఒక చేతికి, కంప్యూటర్ ఇంకో చేతికి అందే చోటు అది. అయితే కంప్యూటర్ చవకయింది కాబట్టే ఇంటి సంగీతం పుట్టిందని అందరూ చెప్పే కారణం సగం దూరమే నడుస్తుంది. పాట పుట్టడానికి యంత్రం చాలు. అది బతకాలంటే విని, బాగోగులు చెప్పి, దాన్నే తిరగేసి ఇంకో పాట చేసే నలుగురు ఉండాలి.

సినిమాకు బయట కొత్త పాట చేయడం తెలుగువారికి కొత్తేమీ కాదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో కేంద్రంలోనూ, నిజాం కాలపు దక్కన్ రేడియోను 1950లో కలుపుకున్న హైదరాబాద్ ఆకాశవాణిలోనూ లలిత సంగీతం పేరుతో జరిగింది సాక్షాత్తు ప్రయోగమే. కచేరీ పద్ధతిలో రాగాన్ని విస్తరించరు, సినిమాలాగా సన్నివేశానికి కట్టుబడరు; కవి మాటకు సరిపడా రాగచ్ఛాయ, నాలుగైదు నిమిషాల నిడివి, కొద్దిపాటి వాద్యాలు. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం, మహాభాష్యం చిత్తరంజన్ వంటివారు ఆ కొలతల్లోనే తమకు కావలసిన స్వేచ్ఛ వెతుక్కున్నారు. ఆ పాటలు నిలవడానికి వారి ప్రతిభ ఒక్కటే కారణం కాదు. ‘ఈ మాసపు పాట’ నెల పొడుగునా మళ్లీ మళ్లీ వినిపించేది. ‘కలసి పాడుదాం’ ఇంకో మెట్టు ఎక్కి శ్రోతకు పాటను చరణం చరణంగా నేర్పేది. నేర్చుకున్నవారు బడి వార్షికోత్సవంలో, పేరంటంలో, ఆఫీసు వేడుకలో పాడారు. రేడియో వినేవారిని పాడేవారిగా మార్చింది. లలిత సంగీతం ప్రభుత్వ జీతాల మీద బతికిందని తేలిగ్గా తీసేసేవారు ఈ భాగాన్ని చూడరు. జీతం పాటను పుట్టించి ఉండవచ్చు గాని, ఇళ్లకు చేర్చి నిలిపింది ఈ పాడే జనమే.

యంత్రం ఉండి ఈ జనం లేకపోతే ఏమవుతుందో చూపే ఉదాహరణలు మన దేశంలోనే రెండున్నాయి. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో నెలకొల్పాడు. ప్రపంచంలో చాలా విశ్వవిద్యాలయాలకు అప్పటికి లేని సదుపాయం అది. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి తదితరులు అందులో పనిచేశారు. కొద్ది ఏళ్లకే అది ఆగిపోయింది. టేపులు సంస్థ భాండాగారంలో పడి ఉండి, 2017లో పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడి కంటబడితే, 2023లో గాని ఆల్బమ్‌గా లోకానికి వినబడలేదు. రెండోది బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ కథ. 1982లో ఆయన రోలాండ్ కంపెనీ యంత్రాల మీద పది రాగాలను డిస్కో లయలో వాయించి హెచ్‌ఎంవీ ద్వారా రికార్డు తెచ్చాడు. అమ్ముడుపోలేదు, ఎవరూ బదులు పలకలేదు. కొన్నేళ్ల తరువాత అవే యంత్రాలతో షికాగో కుర్రాళ్లు చేసిన సంగీతం ‘యాసిడ్ హౌస్’ పేరుతో లోకమంతా తిరిగింది. 2010లో సింగ్ రికార్డు మళ్లీ విడుదలైనప్పుడు విన్నవారు ఈయన ముందే చేసేశాడే అని ముక్కున వేలేసుకున్నారు. షికాగో వాళ్లకు రాత్రి చేసిన ట్రాకును మర్నాడు వినిపించడానికి క్లబ్బు ఉంది, విని పోటీపడే తోటివారున్నారు. సింగ్‌కు ఆ తోటివారు లేరు.

తెలుగు వైపు యంత్రం సినిమా దారినే వచ్చింది. సాలూరి రాజేశ్వరరావు సినిమా సంగీతంలో స్థిరపడకముందు నుంచే గ్రామఫోను కోసం భావగీతాలు చేసినవాడు. ఆయన కుమారుడు కోటి, టి.వి. రాజు కుమారుడు రాజ్ కలిసి 1980ల్లో సింథసైజర్‌ను తెలుగు పాట మధ్యలోకి తెచ్చారు. వారి దగ్గర కీబోర్డు వాయించిన యువకుడే తరువాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. 1992లో ‘రోజా’ వచ్చేనాటికి రెహమాన్ కోడంబాకంలో తన ఇంటి పెరట్లోనే స్టూడియో పెట్టుకున్నాడు. ఒక మనిషి, ఒక గది, రాత్రంతా పని అనే పద్ధతికి దక్షిణాదిలో గౌరవం వచ్చింది ఆ సినిమాతోనే. కాని ఆ గదిలో పరికరాల ఖర్చు మామూలు కుటుంబం భరించగలది కాదు. ఆ ఖర్చు తగ్గింది మరో ఏడెనిమిదేళ్లకు. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారులో విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటర్లు, బెల్జియం కంపెనీ తెచ్చిన ఫ్రూటీలూప్స్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాయి. 2003లో ఎఫ్‌ఎల్ స్టూడియోగా పేరు మారిన ఈ సాఫ్ట్‌వేర్ మన దగ్గర ఎక్కువగా దొంగ కాపీలుగానే తిరిగింది. మర్యాదకు ఆ మాట దాచిపెడితే చరిత్ర తప్పుతుంది. అమీర్‌పేటలో జావా నేర్చుకోవడానికి వచ్చిన వయసువాళ్లూ, కృష్ణానగర్‌లో వేషం కోసం వచ్చిన వయసువాళ్లూ ఉన్నది ఒకే పేటల్లో. ఇంత దగ్గరగా సినిమా, కంప్యూటర్ కలిసిన చోటు తెలుగునాట ఇంకొకటి లేదు.

ఇక్కడ కొందరు చదువరులు నొసలు ముడేస్తారని తెలిసే, ఈ సంగీతంలో అన్నిటికంటే బలమైన శాఖ తీన్‌మార్ డీజే అంటాను. దాని మూలం మర్ఫా. యెమెన్ ప్రాంతపు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు నిజాం సైన్యాల్లో చేరి తెచ్చిన వాద్యం అది. ఆఫ్రికన్ కావల్రీ గార్డుల పేరే నేటి ఏసీ గార్డ్స్ పేటకు మిగిలింది. పెళ్లి బరాత్‌ల మీదుగా ఆ దెబ్బ ఊరంతటిదీ అయింది. 2000 తరువాత దాన్ని కుర్రాళ్లు కంప్యూటర్‌లో ముక్కలుగా కోసుకున్నారు. జానపదమో, బోనాల పాటో, సినిమా పాటో తీసుకుని, వేగం మార్చి, కింద తీన్‌మార్ దరువు పరిచి, మధ్యలో తన పేరు, తన బస్తీ పేరు గొంతుతో పలికించి వదిలేవారు. ఆ పేరు పలకడంలోనే ఈ సమాజపు నియమమంతా ఉంది. ఇది ఫలానా బస్తీ కుర్రాడిది, చేతనైతే దీనికంటే బాగా కొట్టు అని సవాలు. మిక్సులు సీడీల మీద, మొబైల్ షాపుల్లో మెమరీ కార్డుల మీద, బ్లూటూత్ మీద, తరువాత యూట్యూబ్ మీద తిరిగాయి. దరువు శబ్దాల ప్యాకులు చేతులు మారాయి. 1987లో అమీగా కంప్యూటర్ మీద ట్రాకర్ అనే పద్ధతి మొదలైనప్పుడు ఐరోపా కుర్రాళ్లు పాటతోపాటు దాన్ని చేసిన తీరు కూడా ఒకే ఫైలులో పంచుకునేవారు. తెరిచి చూసినవాడు నేర్చుకునేవాడు. తీన్‌మార్ డీజేల ప్యాకులు చేసిన పని కూడా అదే. ఆ ఐరోపా కుర్రాళ్ల పేరు కూడా వీళ్లు విని ఉండరు.

ఇది సృష్టి కాదు, దొంగతనం, పైగా చెవులు చిల్లులు పడే గోల అనే అభ్యంతరం చిన్నది కాదు. చట్టం దృష్టిలో అనుమతి లేని మిక్సు తప్పే. హక్కుదారులు అడిగితే యూట్యూబ్ తీసేస్తుంది. గోల సంగతికొస్తే, 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. వృద్ధులు, రోగులు పడే బాధ చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కాని స్పీకరు ఎంత గట్టిగా మోగిందన్నది వేరు, గదిలో కూర్చున్నవాడు ఏం కనిపెట్టాడన్నది వేరు. అరబ్బు దెబ్బ మీద ఎల్లమ్మ పాటను కూర్చోబెట్టి, అది అతుకులా అనిపించకుండా చేయడం చెవి ఉన్నవాడే చేయగల పని. ఒకరి బాణీ తీసుకుని మరో పదం కట్టడం మన జానపద సంప్రదాయంలో తప్పుగా ఎంచని విషయమనీ గుర్తుంచుకోవాలి. మూల రచయితకు డబ్బు చేరే ఏర్పాటు కావాలి, నిజమే. అది లేనంత మాత్రాన చేసినవాడి పనితనం లేకుండా పోదు.

ఇంతకంటే లోతైన అభ్యంతరం ఇంకొకటుంది. ఇదంతా సినిమా గుమ్మం ముందు వరుసే కదా, తలుపు తెరవగానే అందరూ లోపలికి పోయేవాళ్లే కదా అని. సాక్ష్యం కొంత వారి వైపే ఉంది. దర్శకుడు తరుణ్ భాస్కర్ లఘుచిత్రాలకు సంగీతం చేసిన వివేక్ సాగర్ 2016లో ‘పెళ్లిచూపులు’తో ఇంటింటికీ తెలిశాడు. చౌరస్తా బృందంలో పాడిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’, మరుసటి ఏడు ‘డీజే టిల్లు’ పాటలతో సినిమావాడయ్యాడు. కాని రాహుల్ సిప్లిగంజ్‌ను చూడండి. ఆయన 2009 నుంచే సినిమాల్లో పాడుతున్నాడు. తలుపు తెరుచుకున్న తరువాతే పాతబస్తీ యాసలో సొంత వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. 2023లో ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి ‘నాటు నాటు’ పాడిన గొంతుకు బలం ఆ వీడియోల్లో కుదిరిన యాసే అని నా నమ్మకం. గది సినిమాకు మెట్టయితే, మెట్టు ఎక్కినవాడు మళ్లీ కిందికెందుకు దిగుతాడు? కరోనా తొలి నెలల్లో చౌరస్తా బృందం జాగ్రత్తలు చెబుతూ చేసిన పాట ఏ నిర్మాతా అడిగింది కాదు. రేడియో కాలంలోనూ లలిత గీతాలు పాడినవారు సినిమాలకు పోయారు, వచ్చారు. ఆ రాకపోకల వల్ల లలిత సంగీతం సినిమా నీడ అయిపోలేదు.

వలస వెళ్లిన తెలుగువారి పాత్ర గురించి మాత్రం కాస్త కటువుగానే చెప్పాలి. 1990ల నుంచి ఇంటర్నెట్‌లో తెలుగుకు ఇల్లు కట్టింది వారే. రోమన్ అక్షరాల్లో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1998లో ‘ఈమాట’ పత్రిక వచ్చింది. పాత గ్రామఫోను రికార్డులు, రేడియో నాటకాలు, ఘంటసాల పాటలు వెతికి భద్రపరచడంలో వారి శ్రమకు దండం పెట్టాలి. కాని ఆ శ్రద్ధలో పదోవంతయినా కొత్తగా చేస్తున్నవారి మీద పెట్టలేదు. పాత పాట కింద వంద మంది రాగచర్చ చేస్తారు. ఇరవై ఏళ్ల కుర్రాడి ప్రయోగానికి మహా అయితే ‘సూపర్ బ్రో’ దొరుకుతుంది. ఆ మాటతో ఎవరి పాటా బాగుపడదు. రెండో చరణంలో దరువు సాహిత్యాన్ని మింగేస్తోందని చెప్పే మనిషి కావాలి. డీజే కుర్రాళ్ల మధ్య అలా చెప్పేవారున్నారు. చదువుకున్నవారి మధ్యే తక్కువ. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకై వినేవారు లక్షలయ్యారు. బదులు చెప్పేవారు అదే లెక్కన పెరగలేదు.

అహ్మదాబాద్ టేపులు కనీసం ఒక సంస్థ బీరువాలో ఉన్నాయి కాబట్టి దాదాపు యాభై ఏళ్ల తరువాతైనా దొరికాయి. యూసుఫ్‌గూడ, వెంగళరావు నగర్, ధూల్‌పేట గదుల్లో 2000 ప్రాంతంలో తయారైన మిక్సులకు, లఘుచిత్రాల నేపథ్య సంగీతానికి, విడుదలకు నోచుకోని ఆల్బమ్‌లకు ఆ మాత్రం బీరువా కూడా లేదు. సీడీలు పొర లేస్తున్నాయి, హార్డ్ డిస్కులు తిరగడం మానేస్తున్నాయి. మీ ఇంట్లోగాని, మీ మేనల్లుడి అటక మీదగాని అలాంటివి ఉంటే పారేయకండి. పాట ఒక్కటే కాక అది చేసిన ప్రాజెక్టు ఫైలు కూడా కాపీ తీసి, ఎవరు, ఎక్కడ, ఏ ఏడు చేశారో ఒక కాగితం మీద రాసి దానితోపాటు ఉంచండి.